తల్లి పేరుతో హాజరు

మా రోజుల్లో చరిత్ర పాఠం హాజరుతోనే మొదలయ్యేది. తుని బళ్ళో మా సోషల్ మేష్టారు శాతవాహనుల పాఠం చెప్పినన్నాళ్ళూ మా పేర్లు పక్కనపెట్టి "సత్యవతీపుత్ర!", "నూకాలమ్మపుత్ర!" అని పిలిచేవారు. ఎవరైనా నవ్వితే ఊరుకునేవారు కాదు. "గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి... రాజులే తల్లి పేరు ముందు పెట్టుకున్నారు, మీకేంట్రా సిగ్గు?" అనేవారు. తమలపాకు తోటల్లో కూలికెళ్ళే అమ్మ పేరు బళ్ళో అంత గట్టిగా వినపడటం మాలో చాలామందికి అదే మొదలు.

ఆ తర్వాత గౌతమీ బాలశ్రీ. మనవడు పులుమావి ఏలుబడి 19వ ఏట నాసిక్ కొండగుహలో ఆ పెద్దావిడ వేయించిన ప్రాకృత శాసనం గురించి పీరియడంతా చెప్పేవారు. శాతకర్ణి క్షహరాతులని తుడిచిపెట్టాడనీ, అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయనీ మనకి తెలిసింది ఆ తల్లి వేయించిన మాటల వల్లే. అంతకు ఎన్నో తరాల ముందే రాణి నాగానిక నానేఘాట్ గుహలో యాగాలకిచ్చిన ఆవులూ గుర్రాలూ కార్షాపణాలూ లెక్కతో సహా చెక్కించింది. ఆ అంకెలు నల్లబల్ల మీద వేసి మాచేత కూడించేవారు.

ఇప్పుడో? మా మనవరాలి పుస్తకంలో "బాలశ్రీ శాసనం ఎక్కడుంది? నాసిక్" అని ఒక్క మార్కు బిట్టు. నాగార్జునకొండ మహాచైత్యం నిలబెట్టిన చాంతిసిరి ఎవరే అంటే తెల్లమొహం వేసింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త ఆవిడ! అక్కడే సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించిన బోధిసిరి రాణి కూడా కాదు, ఉపాసిక. అలాంటావిడ కథ చెబితే ఏ ఇంటి పిల్లకైనా వెన్ను నిటారవుతుంది.

మేష్టర్లని ఏమీ అననండి. ఫొటోలు తీసి యాపుల్లో ఎక్కించడంతోనే వాళ్ళ పొద్దు సరిపోతోంది. నా బాధల్లా ఒకటే. మా క్లాసులో ఆడపిల్లలు నలుగురైదుగురే, ఇప్పుడు సగానికి సగం వాళ్ళే. వినాల్సినవాళ్ళు వచ్చి కూర్చున్నాక చెప్పడం మానేశాం.

పంతులుగార్లూ, ఒక్క శనివారం పిల్లల్ని పిఠాపురం దగ్గర కొడవలి కొండకి తీసుకెళ్ళండి. శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర చండశాతి శాసనం దొరికింది అక్కడే, మన కాకినాడ జిల్లాలోనే.