సేకరణ

కిందటేడు ఒక కవిత చదివి ఏడ్చాను. అమ్మ పోయాక ఆమె వంటింట్లోకి అడుగుపెట్టిన కొడుకు కవిత. ఆ రాత్రే దాన్ని ఫోన్‌లో టైపు చేసి, మా బంధువుల వాట్సాప్ గ్రూపుకీ, సాహిత్యం గ్రూపులు రెండింటికీ పంపాను. కింద ‘సేకరణ’ అని నా పేరు పెట్టాను. సంపుటి కదా, కవి పేరు అట్ట మీదే ఉంది, పేజీలో లేదు. అట్ట తిప్పి చూసి ఆ పేరు రాయడానికి ఎంతసేపు? రాయలేదు. పైగా, చివరి రెండు పంక్తులూ బరువుగా ఉన్నాయనిపించి తీసేశాను.

కవి పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు. సొంత డబ్బుతో అయిదొందల ప్రతులు వేయించుకున్నారు; సగానికి పైగా మంచం కిందే ఉన్నాయి. ఒక సభలో ఆయన ఈ కవిత చదువుతుంటే వెనక నుంచి ఎవరో, ‘ఇది వాట్సాప్‌లో తిరుగుతున్నదేగా’ అన్నారట. మాస్టారే నాకు ఫోన్‌లో ఆ మాట చెప్పి, ‘ఆ చివరి రెండు పంక్తులూ ఎవరు తీశారో గానీ, వాటి కోసమేనమ్మా మిగతాదంతా రాసింది’ అన్నారు.

‘నేనే మాస్టారూ’ అన్నాను. చాలాసేపు ఆయన మాట్లాడలేదు.

‘హక్కులు రచయితవి’ అని ముద్రించకపోతే, ఎక్కడా నమోదు చేయించకపోతే కవిత అందరిదీ అనుకునేదాన్ని. కాదు. రాసిన క్షణం నుంచే హక్కు రాసినవారిది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం అది రచయిత బతికినంత కాలమూ, పోయాక మరో 60 ఏళ్లూ ఉంటుంది. 1915లో పోయిన గురజాడను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి దాకా హక్కుంది. అదే చట్టంలోని 57వ సెక్షన్ నన్ను ఎక్కువ కుదిపింది. హక్కులు ఇంకొకరికి అమ్ముకున్నా సరే, ఇది నాదని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా రచనను మారిస్తే అడ్డుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటాయి. మాస్టారు ఏదీ అమ్ముకోలేదు. ఆ రెండింటినీ నేనే లాక్కున్నాను. కవిత్వానికి సేవ చేస్తున్నాననుకుంటూ.

గ్రూపుల్లో తప్పు ఒప్పుకుని, మాస్టారి అనుమతితో కవిత మొత్తం ఆయన పేరుతో మళ్లీ పెట్టాను. అప్పటికే చేతులు మారినవాటిని వెనక్కి తేలేకపోయాను. నిన్న మా పిన్ని అదే కవిత నాకు పంపింది. కింద ‘సేకరణ’ అని ఉంది, నా పేరు కూడా లేదు. మాస్టారి పేరూ ఆ రెండు పంక్తులూ చేర్చి తిరిగి పంపాను.