ఇంక్యుబేటర్ వేడి గురించి వినకూడని సలహాలు

“ఢిల్లీ ఎండలకి కరెంటు కూడా దండగ. పెట్టెని బాల్కనీలో పెట్టేయండి, పిల్లలు వాటంతటవే వస్తాయి.” మే నెలలో నోయిడాలోనో గుర్‌గావ్‌లోనో ద్వారకాలోనో ఇంట్లో ఇంక్యుబేటర్ నడిపే తెలుగువాళ్లకి ఈ మాట చెప్పేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. ప్రేమతోనే చెప్తారు. కానీ గుడ్లకి ఇంతకంటే చేటు చేసే సలహా ఇంకోటి లేదు. అందుకే దీంతోనే మొదలుపెడుతున్నాను.

కోడిగుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. ఫ్యాను ఉన్న పెట్టెలో అన్ని రోజులూ వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలబడాలి. మన ఇళ్లలో వాడే థర్మోస్టాట్‌కి చేతనైన పని ఒక్కటే. చల్లబడితే హీటర్ వేస్తుంది, వేడెక్కితే ఆపేస్తుంది. చల్లబరచడం దానికి రాదు. హీటర్ ఆగాక లోపలి వేడి గదిలోకి జారిపోతేనే పెట్టె చల్లబడుతుంది. గదిలోనే 41 ఉంటే ఆ వేడి పోయే దారేది? హీటర్ ఆగిపోయే ఉంటుంది, థర్మోస్టాట్ పని థర్మోస్టాట్ చేస్తూనే ఉంటుంది, అయినా లోపల గుడ్లు కాగిపోతాయి. 2024 మే 29న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదైంది. 79 ఏళ్లలో అక్కడ అంత వేడి లేదు. అది నీడలో కొలిచిన వేడి. పడమటి ఎండ కొట్టే బాల్కనీలో, కాగిన కాంక్రీటు గోడ పక్కన ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

గుడ్డు చలిని కొంత ఓర్చుకుంటుంది గానీ వేడిని ఓర్చుకోదు. పొదుగు మీదున్న పెట్ట రోజూ మేతకీ నీళ్లకీ లేచి పావుగంటో ఇరవై నిమిషాలో గుడ్లని వదిలిపోతుంది. ఆ కాస్త చల్లబడటం వల్ల గుడ్లకి నష్టమేమీ ఉండదు. అదే 40.5 దాటి కొన్ని గంటలు గడిచాయంటే పిండాలు చచ్చిపోతాయి, బతికినవి అవకరాలతో పుడతాయి. పైగా రెండో వారం దాటాక పిండమే సొంతంగా వేడి పుట్టిస్తుంది. మొదటి వారంలో సరిగ్గా నడిచిన పెట్టె పదహారో రోజున ఉన్నట్టుండి ఎక్కువ చూపించేది అందుకే. అప్పుడు థర్మోస్టాట్ పాడైందనుకోకండి. గదిని చల్లబరచండి.

కాబట్టి పెట్టెకి ముందు మంచి గది వెతకండి. బయటి గోడలు లేని లోపలి గది, కిటికీ ఎండ పడని మూల, 22 నుంచి 26 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే చోటు కావాలి. ఏసీ ఉన్న గదైతే 25 దగ్గర పెట్టి వదిలేయండి, కానీ ఆ గాలి నేరుగా పెట్టె మీద కొట్టకూడదు. అలాంటి గది లేనివాళ్లు మే, జూన్ నెలల్లో గుడ్లు పెట్టనే వద్దు. ఢిల్లీలో ఈ పనికి మంచి కాలాలు రెండు. చలి విరిగే ఫిబ్రవరి, మార్చి ఒకటి. వానలు వెనకబట్టాక అక్టోబర్, నవంబర్ ఇంకొకటి.

జనవరిలో సలహా తిరగబడుతుంది. “చలికాలం కదా, 39కి పెట్టండి, లోపల 37 నిలుస్తుంది.” నిలవదు. సెన్సర్ కొలిచేది గదిని కాదు, పెట్టె లోపలి గాలిని. 39కి పెడితే సెన్సర్ ఉన్నచోట 39 వచ్చేదాకా హీటర్ ఆగదు. చలికాలంలో అసలు చిక్కు వేరే ఉంది. గది 10 డిగ్రీలు, పెట్టె 37.5 అయినప్పుడు గోడల గుండా వేడి ధారగా కారిపోతుంది. హీటర్ పక్క గుడ్డు 39లో, మూలనున్న గుడ్డు 35లో పడి ఉంటాయి. దీనికి మందు గోడ మందం పెంచడం, చిన్న ఫ్యాను పెట్టి గాలి తిప్పడం, గుడ్లని తిప్పేటప్పుడు మూలవి మధ్యకీ మధ్యవి మూలకీ మార్చడం. చేపలు ప్యాక్ చేసే మందపాటి థర్మోకోల్ పెట్టెలు ఐఎన్‌ఏ మార్కెట్ లాంటి చోట్ల దొరుకుతాయి. బాగా కడిగి ఆరబెట్టుకుంటే పల్చని ప్లాస్టిక్ పెట్టె కంటే అవి ఎన్నో రెట్లు నయం. ఇంకో మాట. చలి అని పెట్టెకున్న గాలి రంధ్రాలు మూసేయమంటారు, అది అసలు వినకండి. పెంకు లోపలి పిండం కూడా ఊపిరి పీల్చుకుంటుంది, చివరి వారంలో మరీ ఎక్కువ.

“డిస్‌ప్లేలో 37.5 చూపిస్తోంది కదా, ఇంకేం కావాలి?” అనుభవం ఉన్నవాళ్లు కూడా ఈ మాట అంటుంటే నాకు బాధేస్తుంది. పైన చెప్పిన మే 29నే ఢిల్లీ వాయవ్య మూలనున్న ముంగేశ్‌పుర్‌లోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించింది. దేశమంతా ఉలిక్కిపడింది. తరవాత వాతావరణ శాఖ ప్రామాణిక పరికరంతో సరిచూసి, ఆ సెన్సర్ మూడు డిగ్రీలు ఎక్కువ చూపిందని తేల్చింది. ప్రభుత్వ కేంద్రంలోనే సెన్సర్ మూడు డిగ్రీలు తప్పగలిగినప్పుడు, లజపత్‌రాయ్ మార్కెట్‌లో చవగ్గా కొన్న సెన్సర్‌ని సరిచూడకుండా ఎలా నమ్ముతాం? ఇక్కడ ఒక్క డిగ్రీ కూడా చిన్న తేడా కాదు. ఒక డిగ్రీ తక్కువైతే పిల్లలు ఆలస్యంగా, నీరసంగా వస్తాయి. ఒక డిగ్రీ ఎక్కువైతే తొందరపడి బొడ్డు సరిగ్గా మూసుకోకుండా వస్తాయి.

సరిచూసుకునే పరికరం మీ మందుల డబ్బాలోనే ఉంది. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ మనకి కావలసిన 37, 38 డిగ్రీల దగ్గరే నమ్మకంగా పనిచేసేలా తయారవుతుంది. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, ఇంక్యుబేటర్ సెన్సర్‌నీ జ్వరం థర్మామీటర్‌నీ పక్కపక్కన ముంచి, నీళ్లు కలుపుతూ రెండూ ఏం చూపిస్తున్నాయో రాసుకోండి. సెన్సర్ తీగ చివర నీళ్లు చొరని మూత ఉన్నదైతేనే ఇలా ముంచాలి. తేడా ఎంతుందో థర్మోస్టాట్‌కి చెప్పే వీలుంటుంది. డబ్ల్యు1209 అని దొరికే చిన్న బోర్డులో ఆ సెట్టింగ్ పేరు పీ4. జ్వరం థర్మామీటర్‌ని మాత్రం పెట్టెలో వదిలేసి రోజంతా చూసుకుందామనుకోకండి. అది తాను చూసిన గరిష్ఠ వేడినే పట్టుకుని కూర్చుంటుంది.

అదే బోర్డులో పీ1 అని ఇంకో సెట్టింగ్ ఉంది. చాలామంది గుడ్లని పోగొడుతున్నది అదే అని నా నమ్మకం. కొత్తగా కొన్నప్పుడు అది 2 డిగ్రీల మీద ఉంటుంది. అంటే 37.5లో ఆగిన హీటర్ మళ్లీ 35.5కి పడిపోయేదాకా వెలగదు. వేడి రోజంతా ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపు చూసి మనిషి భయపడతాడు. దాన్ని 0.2కో 0.3కో తగ్గించండి, సగం కష్టాలు తీరతాయి. ఈ ఒక్క అంకె సరిచేయకుండానే ఎంతమంది “లాభం లేదు, మన చేతికి రాదు” అని పెట్టె అటకెక్కించారో!

ఆ భయంలోంచే ఇంకో సలహా పుట్టింది. “దగ్గరే ఉండి చూసుకో, తగ్గగానే పెంచు, పెరగగానే తగ్గించు.” శ్రద్ధ ఉన్నవాళ్లే ఎక్కువగా పడేది ఈ గుంటలో. డిస్‌ప్లే చూపించేది గాలి వేడి. మనకి కావలసింది గుడ్డు లోపలి వేడి. మూత తీస్తే గాలి క్షణాల్లో 32కి పడిపోతుంది, గుడ్డు లోపల అప్పటికి దాదాపు ఏ మార్పూ ఉండదు. ఆ 32 చూసి మీట పెంచారా, అరగంటకి గాలి 39 దాటుతుంది, ఈసారి గుడ్డు కూడా దాని వెంట పోతుంది. గుడ్లు పెట్టకముందే ఖాళీ పెట్టెని ఒక రోజంతా నడిపి సరిచేసుకోండి. పెట్టాక వేలు పెట్టకండి. తెలిసిన కారణం ఉండి ఏదైనా మార్చాల్సి వస్తే పదో వంతు డిగ్రీ మార్చి, కొన్ని గంటలు ఆగి చూడండి.

ఫ్యాను లేని పెట్టె లెక్క వేరు. దాంట్లో వేడి పైకి పోయి కూర్చుంటుంది కాబట్టి గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచి 38.5 దరిదాపుల్లో ఉంచాలి. థర్మామీటర్ ఎక్కడ పెట్టినా ఒకటే అన్నవాళ్ల మాట ఇక్కడ పనికిరాదు.

“పెట్టెలో గుడ్లు తప్ప ఏమీ ఉండకూడదు.” శుభ్రత కోసం చెప్పిన మాటే గానీ, వేడి నిలకడకి ఇది సరిగ్గా అడ్డం. మందపాటి మట్టికుండలో పాలు ఎంతసేపు వెచ్చగా ఉంటాయో మనకి తెలుసు. పెట్టెలో కూడా వేడిని పట్టి ఉంచే బరువు ఉండాలి. లీటరు నీళ్ల సీసా ఒకటి ఒక డిగ్రీ చల్లబడితే వదిలే వేడి, ఇరవై పైచిలుకు గుడ్లు ఒక డిగ్రీ చల్లబడితే వదిలే వేడితో సమానం. గుడ్లు తక్కువ ఉన్నప్పుడు ఖాళీలో మూత బిగించిన నీళ్ల సీసాలు రెండు మూడు సర్దండి. ముందే 38 డిగ్రీల నీళ్లు పోయండి, లేకపోతే అవి వెచ్చబడేదాకా గుడ్లు చలిలో ఉంటాయి.

కరెంటు పోయినప్పుడు ఆ సీసాల విలువ తెలుస్తుంది. గాజియాబాద్, ఫరీదాబాద్ కాలనీల్లో వేసవి కోత గంటలు గంటలు సాగుతుంది. చలికాలంలో గాలి విషమించినప్పుడు ఎన్‌సీఆర్‌లో డీజిల్ జనరేటర్ల మీద ఆంక్షలు పడతాయి, కాబట్టి అపార్ట్‌మెంట్ బ్యాకప్ ఉందిలే అని కూర్చోలేం. అప్పుడు చుట్టూ చేరినవాళ్లు “మూత తీసి మరిగే నీళ్ల గిన్నె పెట్టండి” అంటారు. వద్దు. మూత తీయకండి. పెట్టె మీద దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం వదిలేయండి. మందపాటి పెట్టె, సీసాలు, దుప్పటి ఉంటే రెండు మూడు గంటలు గుడ్లు తట్టుకుంటాయి. 12 వోల్టులతో నడిచే చిన్న హీటర్ అయితే ఇన్వర్టర్ బ్యాటరీయే సరిపోతుంది.

హీటర్ అంటే గుర్తొచ్చింది, బల్బు పెట్టుకునేవాళ్లకి ఎల్‌ఈడీ చాలు అనే సలహా ఒకటి తిరుగుతోంది. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక పాత బల్బులు ఇళ్లలోంచి మాయమయ్యాయి, అందుకే ఈ ఆలోచన. ఎల్‌ఈడీ కరెంటు ఆదా చేసేదే వేడిగా పారబోయకుండా. మనకి కావలసింది ఆ పారబోసే వేడే. పాత రకం ఫిలమెంట్ బల్బులు చాందినీ చౌక్ భగీరథ్ ప్యాలెస్‌లో వెతుక్కోవచ్చు. ఒక్క పెద్ద బల్బు కంటే చిన్నవి రెండు మేలు, ఒకటి మాడినా రెండోది కాపాడుతుంది.

“రైల్లో ఏసీలో తెచ్చాం, గుడ్లకేం కాదు, రాగానే పెట్టెలో పెట్టేయండి.” గోదావరి జిల్లాల అసీల్ గుడ్లు, రాజేంద్రనగర్ పౌల్ట్రీ పరిశోధన సంస్థ వృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ గుడ్లు తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజు పైచిలుకు ప్రయాణం చేసి వస్తుంటాయి. 20 డిగ్రీలు బాగా దాటితే పిండం నెమ్మదిగా, ఒక వరస లేకుండా ఎదగడం మొదలుపెడుతుంది. వేసవిలో నాగపూర్ మీదుగా స్లీపర్‌లో వచ్చిన గుడ్లు ఇంక్యుబేటర్‌లోకి వెళ్లకముందే సగం ఓడిపోయి ఉంటాయి. చలి నెలల్లోనే తెప్పించుకోండి. వచ్చాక 15 నుంచి 18 డిగ్రీల చోట, మొద్దు కొస పైకి ఉండేలా పెట్టి సగం రోజైనా కదలకుండా ఉంచండి, ఆ తరవాతే పెట్టెలోకి. వారం దాటిన గుడ్లు వద్దు.

“మా నాయనమ్మకి థర్మామీటర్ ఉందా? ఇదంతా చాదస్తం.” నాయనమ్మకి పెట్ట ఉంది. పెట్ట పొట్ట మీద ఈకలు రాలి బయటపడ్డ చర్మం గుడ్డుని నేరుగా తాకుతుంది, ఏ గుడ్డు చల్లబడిందో దానికి తెలుస్తుంది, దాన్ని మధ్యకి లాక్కుంటుంది. పెట్ట లేకుండా పొదిగినవాళ్లూ ఉన్నారు. ఈజిప్టులో మట్టి కొలుముల్లో వేల గుడ్లు పొదిగేవాళ్లు గుడ్డుని కనురెప్పకి ఆనించి వేడి చెప్పేవాళ్లు. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. 1749లో ఫ్రెంచి శాస్త్రవేత్త రేయోమ్యూర్ గుడ్లని ఇలా పెట్ట లేకుండా పొదిగించే విద్య మీద పుస్తకమే రాశాడు, థర్మామీటర్‌తో అదే పని చేయించాలని తపించాడు. అంతకు నూరేళ్లకు పైగా ముందే కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చి మేధావి గుడ్ల పెట్టె కోసం వేడిని దానంతటదే సరిచేసుకునే పరికరం తయారుచేశాడు. ఆ కనురెప్ప విద్య మనకి రాదు, అందుకే కొలత కావాలి.

చివరి మూడు రోజులకి ఒక్క మాట. పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపి, తేమ 65 శాతం పైకి పెంచాలి. లూ అనే పొడి వడగాలి వీచే రోజుల్లో ఇది మరీ కష్టం. పెంకు పగిలి ముక్కు కనపడగానే “మూత తీసి కాస్త సాయం చేయండి” అంటారు. మూత తీస్తే వేడి, తేమ రెండూ పడిపోయి లోపలి పొర ఎండి పిల్ల ఇరుక్కుపోతుంది. పెంకు పగలడం మొదలయ్యాక పిల్ల బయటపడటానికి ఒక రోజు దాకా పట్టవచ్చు. బయటికొచ్చినా, కడుపులోకి పీల్చుకున్న పచ్చసొనతో రెండు రోజులు మేత లేకుండా ఉండగలదు. ఒళ్లు ఆరి మెత్తగా ఉబ్బేదాకా అక్కడే ఉండనివ్వండి. తీశాక 35 డిగ్రీల వెచ్చని పెట్టె సిద్ధంగా ఉండాలి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి.