ధర్మపురి టేకు దూలం కథ

గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురిలో, ఒక పాత గల్లీలో మూడు తరాల పాటు ఒక ఇంటి కప్పును మోసిన టేకు దూలం ఇది. పుట్టింది గోదావరి అవతల, జన్నారం అడవిలో. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు ఎడ్లబండి మీద ఇసుక దాటి ఊళ్ళోకి వచ్చింది. వడ్రంగులు చెక్కి, మొగురాల మీదికి ఎక్కించారు. టేకు చేవలో సహజంగా ఉండే పదార్థాల వల్ల చెదలు అంత తొందరగా పట్టవు. ఆ చేవే ఈ దూలానికి గర్వం.

అది భవంతి ఇల్లు. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, నాలుగు దిక్కులా అర్రలు, పైన గూన పెంకులు. ఎండాకాలంలో వేడిగాలి వాకిట్లోంచి పైకి పోయేది, అర్రలు చల్లబడేవి. వాన నీళ్ళు చూర్ల నుంచి వాకిట్లో పడి, తూము గుండా పెరట్లోని చెట్లకు చేరేవి. పక్కింటికీ ఈ ఇంటికీ నడుమ ఒకటే గోడ. వెనక పెరళ్ళు కలిసేచోట ఒక చేదబావి, వేపచెట్టు, జామచెట్టు. గల్లీ మొదట్లో రావిచెట్టు, దాని చుట్టూ గద్దె. ఆ నీడ ఏ ఒక్కరి పట్టాలోనూ లేదు, అయినా ఎండాకాలంలో దానికి నీళ్ళు పోయని ఇల్లు లేదు. బతుకమ్మ ఆట అక్కడే. ఫాల్గుణంలో నరసింహస్వామి జాతరకు వచ్చిన చుట్టాలు నడుం వాల్చేదీ అక్కడే.

దూలానికి వయసు శత్రువు కాదు, నిలిచిన తడి శత్రువు. ఏటా వానలకు ముందు కప్పెక్కి, పగిలిన గూన మార్చి, జారినవి సర్దినన్నాళ్ళూ ఈ దూలం చెక్కుచెదరలేదు. తర్వాత ఇంటి కొడుకులు ఒకరు దుబాయికి, ఒకరు హైదరాబాదుకు పోయారు. ముసలివాళ్ళు పోయాక దర్వాజకు తాళం పడింది. పండుగకు వచ్చినవాళ్ళు వాకిలి ఊడ్చారే గాని తలెత్తి కప్పు చూడలేదు. ఒక వానకాలం మూడు గూనలు జారాయి. ఆ సందులోంచి నీరు గోడ వెంట దిగి, దూలం కొన మట్టిగోడలో దిగిన చోట ఊరింది. అక్కడ గాలి ఆడదు. పైకి నిగనిగలాడుతున్న దూలం లోపల, వేలితో నొక్కితే పొడి రాలేంతగా కొన మెత్తబడింది. మెత్తబడిన చోటికి గోడలోంచి చెదలు వచ్చాయి. మూడు గూనల ఖర్చుతో తప్పిపోయే నష్టం అది. ఆ బాధ ఈ దూలానికి ఇంకా తీరలేదు.

చివరికి ఇల్లు కూలగొట్టేందుకు యంత్రం వచ్చింది. విప్పితే విడిపోయే అతుకులను విరగ్గొట్టారు. వాసాలు పొయ్యిల పాలయ్యాయి. దూలాన్ని పాత కట్టె కొనేవాళ్ళు తీసుకుపోయి, మేకులతోనే వానలో పడేశారు. వేపచెట్టును కొట్టేశారు, బావిని పూడ్చారు. పెరడంతా సిమెంటు గచ్చయింది.

అదే కాలంలో దూరదేశాలు తిరిగి కట్టె వైపు చూశాయి. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కర్బనమే. చెట్టు గాలిలోంచి తీసుకున్న ఆ కర్బనం, కట్టె కాలిపోకుండా, కుళ్ళిపోకుండా ఉన్నన్నాళ్ళూ అందులోనే ఉంటుంది. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్టార్నెట్ భవనం 18 అంతస్తులు, 85 మీటర్ల ఎత్తు. దాన్ని నిలబెట్టినవి పలకలుగా కోసి జిగురుతో అతికించిన కట్టె దూలాలే. స్టాక్‌హోంలో 2,000 ఇళ్ళతో ఒక కట్టె నగరాన్ని 2023లో ప్రకటించారు. మన దేశంలో కేంద్ర ప్రజాపనుల శాఖ తన కట్టడాల్లో కలప వాడకంపై 1993 నుంచి ఉన్న నిషేధాన్ని 2020లో ఎత్తేసింది.

ధర్మపురి వంటి చోట అలాంటి కట్టె ఇళ్ళ వాడ కట్టాలంటే కలప అడవి నుంచి రాకూడదు. జన్నారం అడవి 2012 నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యంలో భాగం. జగిత్యాల పసుపు, వరి పొలాల గట్ల మీద పెంచే టేకే దానికి ఆధారం కావాలి, కోసిన చోట మళ్ళీ నాటాలి. దూలం కొనలు గోడలో కప్పబడకుండా గాలి తగలాలి. చూరు గోడను దాటి ముందుకు రావాలి. అతుకులు విప్పదీసేలా ఉండాలి. ఇళ్ళ నడుమ ఉమ్మడి జాగాకు చెట్లతో పాటు వాటిని చూసే మనుషులూ కావాలి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో పల్లెల బడ్జెట్‌లో పదో వంతును పచ్చదనానికి కేటాయించింది. 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలూ వచ్చాయి. అలాంటి వనం ఊరి చివర ఒకచోటే కాక, ప్రతి వాడ నడుమా ఉంటే నీళ్ళు పోసే చేతులు దగ్గరవుతాయి.

ఈ దూలాన్ని తర్వాత ఒక వడ్రంగి కొన్నాడు. కుళ్ళిన కొన కోసేసి, మేకులు పీకి, నడిమి భాగంతో కొత్త ఇంటికి దర్వాజ చేశాడు. లోపలి చేవ గట్టిగానే ఉంది. కొత్త ఇంటివాళ్ళు ఏటా చూరు చూసుకుంటే అది ఇంకో మూడు తరాలు నిలుస్తుంది.