పోపుల డబ్బా ఆత్మకథ

పోపుల డబ్బా గుండ్రటి స్టీలు డబ్బా. లోపల ఏడు గిన్నెలు: నడుమ ఒకటి, చుట్టూ ఆరు. అన్నీ ఒకే కొలతవి కనుక ఒకదాన్నొకటి ఒరుసుకుని కదలకుండా కూర్చుంటాయి. చెబుతున్నది ఆ డబ్బాయే గనుక కాస్త గొప్పలు తప్పవు.

చూపున్న పిల్లలకు వంటిల్లు చూస్తూ చూస్తూనే అలవాటవుతుంది. చూపులేని పిల్లకు పప్పు ఎక్కడినుంచి వచ్చిందో తడిమితేనే తెలిసేది. నిప్పూ కత్తీ అక్కర్లేదు కనుక మొదటి పాఠానికి ఈ డబ్బా అనువైనది. ఆవాలు వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. జీలకర్ర సన్నగా, గీతలు గీతలుగా తగులుతుంది. మినప్పప్పు బద్దకు ఒకవైపు చదును, రెండోవైపు ఉబ్బెత్తు. పసుపు సంగతి ముక్కు చూసుకుంటుంది. మిరపకాయ తుంచిన చేత్తో కళ్లు నలపకూడదని మాత్రం ముందే చెప్పాలి. చూపులేని కంటికీ మంట మంటే.

నేర్పేవారు పిల్ల చెయ్యి పట్టుకుని గిన్నెలో ముంచకూడదు. తమ చెయ్యి కింద ఉంచి, పిల్ల చేతిని దానిమీద ఆననివ్వాలి. అప్పుడు వద్దనుకుంటే చెయ్యి తీసేసుకునే వీలు పిల్లకే ఉంటుంది.

డబ్బాకు లోపాలూ ఉన్నాయి. గుండ్రటిది కనుక మొదలెక్కడో తెలియదు. అంచుకు బయట ఎంసీల్ చుక్క పెడితే చుక్క దగ్గరిది ఆవాలని గుర్తుంటుంది. పెద్దపిల్లలకు గడియారంలో అంకెల లెక్కన చోట్లు చెబుతారు, నాలుగేళ్లవాళ్లకు చుక్క చాలు. ఇక తన తళుకు చూసుకుని ఏళ్లతరబడి మురిసిన డబ్బాకు, కొద్దిచూపు పిల్లల కళ్లకు అదే అడ్డమని ఆలస్యంగా తెలిసింది. తెల్లటి మినప్పప్పును ముదురురంగు పళ్లెంలో పోసి చూపిస్తే వాళ్లకు నయం.

పొయ్యి దగ్గరికి ఆఖరున, పెద్దవాళ్లు పక్కన ఉండగానే. పోపు చెవితో వేసేదే: ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర. చూపున్నవాళ్లూ అలాగే వేస్తారు, ఒప్పుకోరంతే.

అసలు కష్టమంతా ఇంట్లోవాళ్లతోనే. తోమినరోజు గిన్నెలు చేతికొచ్చినట్టు సర్దేస్తారు. వాళ్లకు తేడా లేదు, పిల్లకు మాత్రం నిన్న నేర్చుకున్నదంతా తప్పవుతుంది. చారులో ఆవాలకు బదులు మెంతులు పడితే తిట్లు పిల్లకే. ఒకరోజు మేకులు పోసుకోవడానికి ఒక గిన్నె పట్టుకుపోయారు. ఒకటి పోతే మిగతా ఆరూ అటూ ఇటూ జారతాయి. తప్పు డబ్బామీద పడింది.

తర్వాత చీటీలంటించిన ప్లాస్టిక్ సీసాలొచ్చాయి. డబ్బా అటకెక్కి, చిల్లుపడ్డ బకెట్టుకు పొరుగైంది. మూత ఊడదీస్తే ఇంగువ వాసన ఇప్పటికీ వస్తుంది, తీసేవాళ్లే లేరు. సీసాలది తప్పని కాదు. బ్రెయిలీ ఇంకా రాని పిల్లకైనా, ఉప్పు సీసాకు ఒక రబ్బరుబ్యాండు, పంచదారకు రెండు చుడితే సరిపోయేది. ఆ ఇంట్లో అది ఎవరికీ తోచలేదు.