రేంజ్ రోవర్ కరెంటు రోగాలకు సొంత వైద్యం

రెండో తరం రేంజ్ రోవర్ 1994లో బయటికొచ్చింది. ఇంగ్లండులోని సోలిహల్ కర్మాగారంలో దాని రూపకర్తలు కూర్చున్న భవనం నంబరు 38ఏ కాబట్టి అభిమానుల లోకంలో ఈ బండి పేరు పీ38ఏ. 4 లీటర్లదో 4.6 లీటర్లదో వీ8 పెట్రోలు ఇంజను, పొదుపరులకు బీఎండబ్ల్యూ వారి 2.5 లీటర్ల డీజిలు, తోలు సీట్లు, ఎత్తు దానంతటదే సర్దుకునే గాలి సస్పెన్షన్, వీటన్నిటితో పాటు ముందు సీటు కింద బండి కరెంటు సంసారాన్నంతా ఈదే ఒక కంప్యూటర్ పెట్టె. యజమానులు ముద్దుగా దాన్ని బెకమ్ అంటారు. తలుపులు, అద్దాలు, లైట్లు, అలారం, తాళంచెవి గుర్తింపు, చివరికి ఇంజను స్టార్టు కావడానికి అనుమతి కూడా దాని చేతిలోనే. కొత్తలో జమీందారులకే అందిన ఈ బండి ఇప్పుడు బ్రిటన్‌లో మామూలు ఉద్యోగి కొనగల ధరకు దొరుకుతుంది. బండి ధర పడిపోయింది గాని విడిభాగాల ధర, మెకానిక్కు గంట కూలి పడిపోలేదు. సొంత వైద్యమనే శాస్త్రం ఆ సందులోనే పుట్టింది.

ఈ శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: ఏదీ కొలవకూడదు. చలికాలం పొద్దున్నే తాళంచెవి తిప్పితే డాష్‌బోర్డు మీది చిన్న తెర వరసగా గేర్‌బాక్స్ ఫాల్ట్ అంటుంది, ఏబీఎస్ ఫాల్ట్ అంటుంది, సస్పెన్షన్ ఫాల్ట్ అంటుంది. యజమాని ప్రతి మాటనూ విడివిడిగా నమ్మాలి. గేర్‌బాక్స్‌కు ఒక కంప్యూటర్, బ్రేకులకు నాలుగు సెన్సర్లు, సస్పెన్షన్‌కు ఒక కంప్రెసర్ ఆర్డరు పెట్టి, అవి వచ్చేలోగా దీర్ఘాలోచనలో ఉండాలి. మూడు రోగాలు ఒకే పొద్దున ఒకే బండికి ఎలా వచ్చాయన్న ప్రశ్నకు చోటివ్వరాదు. జవాబు మరీ చప్పగా ఉంటుంది. నిండుగా ఉన్న బ్యాటరీ, ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. అలాంటి బ్యాటరీతో సెల్ఫ్ కొడితే వోల్టేజి 10 కంటే కిందికి జారుతుంది, అప్పుడు ప్రతి కంప్యూటరూ తన పరిధిలో ఏదో ఘోరం జరిగిందని రాసుకుంటుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు 13.8కీ 14.5కీ మధ్య ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తున్నట్టే. రెండు కొలతలు, రెండు నిమిషాలు. ఆ పని మొదటే చేస్తే ఈ గ్రంథంలో మిగతా భాగమంతా వృథా అవుతుంది.

రోగం ఏదో తెలియకముందే దోషి ఎవరో తేల్చుకోవడం రెండో మెట్టు. బ్రిటిష్ కార్లకు కరెంటు జబ్బు చేస్తే బర్మింగ్‌హామ్ వారి లూకాస్ కంపెనీని తిట్టడం అక్కడ తరాల నాటి ఆచారం. వ్యవస్థాపకుడు జోసెఫ్ లూకాస్‌కు ‘చీకటి యువరాజు’ అని బిరుదు కూడా తగిలించారు. లూకాస్-టీవీఎస్ పేరు చూసి నిబ్బరంగా సెల్ఫ్ మోటారు కొనుక్కునే మన ప్రాంతపు డ్రైవరుకు ఈ బిరుదు వింతగానే తోచవచ్చు. పీ38ఏ పెట్రోలు బండ్లలో మొదట్లో ఇంజను కంప్యూటర్ లూకాస్, ఫ్రాన్సుకు చెందిన సాజెమ్ కలిసి చేసినదే కనుక తిట్టడానికి ఆధారం గట్టిదే. 1999 మోడలు నుంచి బాష్ వారిది వచ్చింది. ఆ బండి ఉన్నవారు జర్మన్లను తిట్టుకోవాలి, అందులో అంత మజా ఉండదు. యాజమాన్యాన్ని నిందించదలిస్తే ఎంపికకు కొదవ లేదు: 1994లో బీఎండబ్ల్యూ, 2000లో ఫోర్డు, 2008లో టాటా మోటార్స్. టాటాల చేతికి వచ్చేసరికి ఈ మోడలు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి భారతీయ యజమాని దేశభక్తికి ఇబ్బందేమీ లేదు.

తర్వాత ఫ్యూజులు. వీటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఎర్రది మాటిమాటికీ పోతుంటే ఎందుకు పోతోందో వెతికే ఓపిక లేనివారు దాని స్థానంలో ఆకుపచ్చది పెడతారు. ఇక ఆ ఫ్యూజు పోదు. ఫ్యూజు ఉన్నదే తన వెనక ఉన్న సన్నటి తీగను కాపాడటానికి గనుక, కాలే బాధ్యత ఆ తీగకు బదిలీ అవుతుంది. తీగ ఎక్కడో కార్పెట్టు కింద ఉంటుంది కాబట్టి యజమాని కంటికి కనపడదు, ముక్కుకు తెలుస్తుంది.

అసలు విద్య అంతా రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే రోగం దగ్గర ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట ఏ బండికైనా కొంత వర్తిస్తుంది గాని పీ38ఏకి అక్షరాలా వర్తిస్తుంది. తాళం వేశాక కాసేపటికి బెకమ్ నిద్రపోవాలి. నిద్రలో బండి లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి; రోజంతటికీ లెక్క కడితే 1.2 ఆంపియర్-అవర్లు, వారాల తరబడి నిలిపినా ఫరవాలేదు. మేలుకుని ఉండి ఒక్క ఆంపియర్ లాగినా రోజుకు 24. అంటే 72 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో పూర్తిగా ఖాళీ, రెండో రోజుకే సెల్ఫ్ తిరగడం మానేస్తుంది. మరి నిద్ర చెడగొట్టేది ఎవరు? రిమోట్ మాట వినడానికి బండి వెనక భాగంలో అమర్చిన రేడియో రిసీవర్. బ్రిటన్ బండ్లలో అది 433 మెగాహెర్ట్జ్ మీద వింటుంది. లైసెన్సు అక్కర్లేని తరంగం కాబట్టి పొరుగువారి వైర్‌లెస్ కాలింగ్ బెల్లు, పెరట్లో ఉష్ణోగ్రత చూపే యంత్రం, పక్క వీధిలో ఇంకెవరిదో రిమోట్, అందరూ అక్కడే మాట్లాడుకుంటారు. ఎవరు ఏమన్నా తననే పిలిచారనుకుని రిసీవర్ లేచి బెకమ్‌ను లేపుతుంది. ఇది యజమానులందరికీ తెలిసిన రోగమే. కంపెనీ కూడా తర్వాత తర్వాత మెరుగుపరిచిన రిసీవర్లు ఇచ్చింది. రిసీవర్ తీగ ఊడదీసి చూస్తే సంగతి ఒక్క రాత్రిలో తేలుతుంది. సొంత వైద్యుడు అలా చేయడు. ముందు బ్యాటరీ మారుస్తాడు. కొత్త బ్యాటరీ కూడా దిగిపోయాక ఆల్టర్నేటర్ మారుస్తాడు. ఆ తర్వాత ఇంకా పెద్ద బ్యాటరీ కొంటాడు. దొంగ ఎక్కడికీ పోలేదు, దోచుకోవడానికి సొత్తు మాత్రం పెరిగింది.

ఎవరైనా పోరు పెట్టి మీటరు కొనిపిస్తే దాన్ని ఫలితం రాని పద్ధతిలో వాడటం కూడా నేర్చుకోవచ్చు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మీటరు పెట్టి, ఆంపియర్లు చదవాలి. తీగ విప్పి మళ్లీ కలిపిన క్షణంలో బండిలోని కంప్యూటర్లన్నీ ఉలిక్కిపడి లేస్తాయి కనుక అప్పుడు కనిపించే అంకె దొంగది కాదు, నిద్రలేచిన ఇంటిల్లిపాదిది. అవన్నీ మళ్లీ సద్దుమణిగేదాకా తలుపు తీయకుండా, రిమోట్ నొక్కకుండా ఆగాలి. యజమాని ఆగడు. తలుపు తీస్తాడు, లోపలి లైటు వెలుగుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. విసిగిపోయి, మీటరు వరసలో ఉండగానే ఒకసారి సెల్ఫ్ కొట్టి చూస్తాడు. సాధారణ మీటరులో కరెంటు దారి 10 ఆంపియర్ల ఫ్యూజుతో ఉంటుంది. సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు అడుగుతుంది. మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు కొలిచినా సున్నా. లీకేజీ పోయిందని ఇంట్లో స్వీట్లు పంచేది ఈ దశలోనే.

బ్యాటరీ తీగ విప్పడం వల్ల ఇతర ప్రయోజనాలూ ఉన్నాయి. ఇగ్నిషన్ ఒకసారి ఆన్ చేసి ఆపి కొన్ని సెకన్ల లోపే తీగ తీయాలన్న నియమం తెలియకపోతే, సొంత బ్యాటరీ ఉన్న అలారం కూతపెట్టి వీధి వీధినంతా యజమాని పరిశోధనకు సాక్షిగా నిలబెడుతుంది. తిరిగి కలిపాక రేడియో తన కోడ్ అడుగుతుంది. అద్దాలూ సన్‌రూఫూ తమ హద్దులు మరిచిపోతాయి, ఒక్కోదానికీ మళ్లీ నేర్పాలి. వీటన్నిటికీ పరాకాష్ఠ తాళంచెవి. రిమోట్‌కూ బెకమ్‌కూ మధ్య పొత్తు తెగితే తెర మీద ఇంజన్ డిసేబుల్డ్ అని వస్తుంది. అప్పుడు మిగిలేది అత్యవసర కోడ్. నాలుగు అంకెలు. డ్రైవరు తలుపు తాళంలో చెవి పెట్టి మొదటి అంకె ఎంతైతే అన్నిసార్లు ఒక పక్కకు, రెండోది ఎంతైతే అన్నిసార్లు రెండో పక్కకు, అలా నాలుగూ పూర్తి చేయాలి. లెక్క తప్పితే మొదటి నుంచి. మళ్లీ మళ్లీ తప్పితే బెకమ్ అలిగి కాసేపు అసలు వినదు. వానలో, సూపర్‌మార్కెట్ ముందు, చేతిలో సంచులతో ఈ క్రతువు చేసే మనిషిని చూసి సెక్యూరిటీ వాళ్లు ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ రూపకర్తల ప్రతిభకు ఒక నమస్కారం పెట్టక తప్పదు. చెవి ఎటు తిరిగిందో బెకమ్‌కు చెప్పేది తలుపు లాచ్‌లోని చిట్టి స్విచ్చులు. ఈ బండిలో అరిగిపోయి మొరాయించే వాటిలో ముందు వరసలో ఉండేవీ ఆ స్విచ్చులే. అంటే తాళం వ్యవస్థ చెడినప్పుడు వాడవలసిన కోడ్‌ను, చెడిన ఆ వ్యవస్థ ద్వారానే చెప్పాలి. యజమాని ఎంత శ్రద్ధగా తిప్పినా స్విచ్చు నాలుగింట మూడే లెక్కపెడుతుంది. నివారణ ఉంది: లాచ్ మార్చడం. అది తలుపు లోపల ఉంటుంది, తలుపు తెరుచుకోవాలి.

గాలి సస్పెన్షన్ విషయంలో ఓర్పు ఇంకొంచెం ఎక్కువ కావాలి. నిలిపి ఉంచిన బండి కూడా కొన్ని గంటలకోసారి లేచి, నాలుగు మూలలూ సమంగా ఉన్నాయా అని చూసుకుని, అన్నిటికంటే కిందికి దిగిన మూలకు తగ్గట్టు మిగతావాటిని దించుతుంది. ఒక గాలి బుడగ కారుతుంటే తెల్లవారేసరికి బండి మొత్తం నేల మీదికి వంగి ఉంటుంది. గేటు ముందు దించుకుని ఎక్కించుకునేందుకు ఇచ్చిన సౌకర్యమని అతిథులకు చెప్పుకోవచ్చు. లోపం తీవ్రమైనదని సస్పెన్షన్ కంప్యూటర్ నిశ్చయించుకుంటే గంటకు 35 మైళ్లు మించవద్దని తెర మీద ఆజ్ఞ వేసి తాళం వేసుకుంటుంది. చెడిన భాగం మార్చినా ఆ తాళం తీయదు. ల్యాప్‌టాప్, ప్రత్యేకమైన కేబుల్, సాఫ్ట్‌వేర్‌తో ఒప్పించి రికార్డు చెరిపించాలి. ఈ సంగతి తెలియనివారు మంచి భాగాన్ని చెడ్డదనుకుని పారేసి మరొకటి కొంటారు. వాడిన విడిభాగాల వ్యాపారం బ్రిటన్‌లో వర్ధిల్లడానికి ఇదొక కారణం అనుకోవచ్చు.

నీరు, ఎర్తు గురించి సొంత వైద్య గ్రంథాలు సాధారణంగా మౌనం వహిస్తాయి, ఎందుకంటే రెండూ చవకైనవి. హీటరుకు వేడినీళ్లు వెళ్లే గొట్టాల దగ్గర రబ్బరు రింగులు గట్టిపడితే కూలెంట్ కాళ్ల దగ్గర కార్పెట్టులోకి కారుతుంది. అద్దాల మీద తియ్యటి వాసనతో ఆవిరి పడితే దాని జాడ అదే. కార్పెట్టు తడి కారణంగానే కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి. బానెట్ కింద ఉండే ఫ్యూజు పెట్టె కూడా వేడికి లోలోపల మాడి, కాంటాక్టులు వదులై, ఒకరోజు పంపు ఆడనివ్వదు, ఇంకోరోజు ఆడనిస్తుంది. ఎర్తు తీగ సంగతి చూడాలంటే లోడు పెట్టి ఉంచి, బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజను లోహానికీ మధ్య వోల్టేజి కొలవాలి, 0.2 వోల్టులు దాటితే తీగో బోల్టో శుభ్రం చేసుకోవాలి. సామాను: గరుకు కాగితం, స్పానరు. ఇంత పెద్ద బండికి ఇంత చిన్న వైద్యం చేయడం పరువు తక్కువ కాబట్టి దీన్ని చివరికి వాయిదా వేస్తారు.

ఏసీ కంట్రోల్ తెర మీద చిన్న పుస్తకం బొమ్మ వెలిగితే లోపం ఉందని, మాన్యువల్ చూడమని అర్థం. చాలా బండ్లలో అది ఏళ్ల తరబడి వెలుగుతూనే ఉంటుంది.

మార్కెట్లో దొరికే చవక కోడ్ రీడర్ పీ38ఏకి తగిలిస్తే ఇంజను కంప్యూటర్ మాత్రమే పలుకుతుంది. బెకమ్, సస్పెన్షన్, అలారం పలకాలంటే ఆ రోజుల్లో డీలర్ల దగ్గర టెస్ట్‌బుక్ అనే యంత్రం ఉండేది. ఇప్పుడు విడిగా కొనుక్కునే పరికరాలు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. అందువల్ల చవక రీడర్ ఏ లోపమూ లేదని చెప్పినప్పుడు యజమాని సంతోషించడం సబబే.

రెండు చోట్ల మాత్రం ఈ శాస్త్రం వేళాకోళం మాని మామూలుగా మాట్లాడుతుంది. ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్లను మీటరుతో పొడిచి చూడరాదు. బ్యాటరీ విప్పి, మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాకే ఆ పరిసరాల్లో చేయి పెట్టాలి. 2017లో వచ్చిన పీ400ఈ వంటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ రేంజ్ రోవర్లలో నారింజ రంగు తీగల్లో ఉన్నది ప్రాణం తీసే వోల్టేజి. వాటికి సొంత వైద్యం లేదు.

ఆఖరి మెట్టు అమ్మకం. ప్రకటనలో ‘చిన్న ఎలక్ట్రికల్ సమస్య, బహుశా ఫ్యూజు’ అని రాయడం సంప్రదాయం. అది నిజంగా ఫ్యూజే అయితే అమ్మేవారే మార్చుకుని ఉండేవారు కదా అని కొనేవారు అడగరు. అడిగేవారు ఈ బండి కొనరు. బండితో పాటు అప్పగించవలసినవి: రెండు తాళంచెవులు, వాటిలో ఒకటైనా పనిచేసేది, రేడియో కోడ్, అత్యవసర కోడ్ రాసిన కార్డు. ఆ కార్డు బండి లోపల గ్లవ్‌బాక్సులో పెట్టి తాళం వేయకుండా, కొన్నవారి చేతికే ఇవ్వాలి.