మా క్షేత్ర పర్యటనకు జేజేలు

నరసింహ శతకం చెప్పిన శేషప్ప కవి మా పక్కనున్న ధర్మపురివాడే. దేవుణ్నే నిలదీశాడాయన. మా కాలేజీని నిలదీసే ధైర్యం నాకు లేదు గనుక, మొన్న మేం చేసొచ్చిన క్షేత్ర పర్యటనను నోరారా పొగిడి ఊరుకుంటాను.

విషయం 'ప్రణాళికాబద్ధ పట్టణ నివాసం'. పొద్దున ఆరింటికి కోరుట్లలో బస్సు కదిలింది. జగిత్యాల చేరేసరికి సగం మంది నిద్రలో ఉన్నారు, మంచిదే అయింది. మేలుకుని ఉంటే, 2023 జనవరిలో ఈ ఊరి మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద చుట్టుపక్కల రైతులు ఎందుకు రోడ్డెక్కారని ఎవడైనా అడిగి మా పరువు తీసేవాడు. మ్యాపులో తమ పొలం ఏ జోన్‌లో పడిందో, పడితే ఏమవుతుందో రైతులు ఏ డిగ్రీ లేకుండానే చదివేశారు. మున్సిపల్ కౌన్సిల్ చివరికి ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. ఇదంతా సిలబస్‌లో లేదు కాబట్టి బస్సు అందుకు ఆగలేదు. టిఫిన్‌కు ఆగింది.

సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) చప్పుడుకు సారు మాట వినబడటం లేదని పిల్లలు కిటికీలు మూశారు. ఎంత శ్రద్ధ! ఆ సమయంలో సారు చెబుతున్నది పట్టణానికి జీవనోపాధి ఎలా ప్రాణమో.

అక్కడి నుంచి మండెపల్లి చేరాం. 2021 జూలై 4న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల పథకం కాలనీ ఇక్కడిదే. 1,320 ఇళ్లు. పథకం లెక్కలో ఇంటికి 560 చదరపు అడుగులు. మా వాళ్లు ఫోన్లు తీసి గుణించారు, 7,39,200 వచ్చింది. చప్పట్లు కొట్టాం. అందులో ఒక్క సాంచెకైనా చోటుందా, పొద్దుమాపు షిఫ్టులకు నేత కార్మికుడు కార్ఖానాకు ఎట్లా పోయి వస్తాడు లాంటి చిల్లర లెక్కల జోలికి మాత్రం పోలేదు.

ఒక గడప ముందు ఓ అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. రేకు పెట్టి తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, గోటితో కొన మడిచి దారం కట్టడం. కళ్లు చేతుల మీద లేవు, మా మీదే ఉన్నాయి. మా కుర్రాడొకడు ఫోను సరిచూసుకుంటూ అన్నాడు: "అవ్వా, జర పక్కకు జరుగు, ఎలివేషన్ కనపడ్తలేదు."

ఆమె చాట ఎత్తుకుని జరిగింది. జరిగి, "బీడీ పింఛన్ రాసుకునేటందుకు వచ్చిన్రా బిడ్డా?" అంది.

"కాదవ్వా, ఇది అకడమిక్."

నలభై నిమిషాల్లో అధ్యయనం ముగిసింది. ఇంత వేగం పై దేశాల్లో కూడా ఉండదనుకుంటాను. వేగానికి కారణం మా దూరదృష్టి: రిపోర్టు ముందే సిద్ధం. పచ్చదనం, కనెక్టివిటీ, సుస్థిరత, ముగింపు అన్నీ ఉన్నాయి, ఊరి పేరు మారిస్తే చాలు. పదకొండో పేజీలో నిరుడు పోయిన ఊరి పేరే ఉండిపోయిందంటే, అది ఆ ఊరి మీద మాకున్న అభిమానం.

అందరికీ ఏ గ్రేడు వచ్చింది. రిపోర్టు అట్ట మీద ఆ కుర్రాడు తీసిన ఫొటోనే వేశారు. ఎలివేషన్ చాలా స్పష్టంగా ఉంది.