గోడ పద్యానికి ‘భిత్తిభేదిని’ అను వ్యాఖ్య

మూలం

గోడ తట్టి చూచి గుల్లయో గట్టియో
బరువు తూచి పిదప ప్లగ్గు కొనుము
వెలితి గోడ వెనక విచ్చు రెక్కలె పట్టు
గోనెగండ్ల మాట గురుని మాట

అవతారిక

కర్నూలు జిల్లా గోనెగండ్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకానొక గృహస్థు, గృహప్రవేశానికి కానుకలుగా వచ్చిన గోడ గడియారాలను గోడకెక్కించబోయాడు. మొదటి దెబ్బకే మేకు తలతో సహా గోడలోకి పోయింది. చూడవచ్చిన మేస్త్రీ ఆశువుగా చెప్పిన ఆటవెలది ఇది. కవి పేరు తెలియదు. శైలి ఎత్తును బట్టి స్టూలు మీద నిలబడి చెప్పాడని ఊహిస్తున్నాం. రసం భయానకం, గడియారం పడ్డాక కరుణం. మూలం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు ముందు ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి సగం మాకు శిరోధార్యం. రెండో సగం పాటిస్తే వ్యాఖ్య ఈ వాక్యంతోనే ముగుస్తుంది.

ప్రతిపదార్థం

గోడ = ఏది తగిలించినా మోస్తుందని లోకం నమ్మేదానిని; తట్టి = వేలి కణుపుతో కొట్టి; చూచి = చెవితో చూచి; గుల్లయో = లోపల ఖాళీయో; గట్టియో = నిండుగా ఉన్నదో (తెలుసుకొని); బరువు = తగిలించబోయే వస్తువు భారమును; తూచి = కాటాలో పెట్టి; పిదప = ఆ తరువాత మాత్రమే; ప్లగ్గు = స్క్రూకు గోడలో పట్టునిచ్చే తొడుగును; కొనుము = రొక్కమిచ్చి తెచ్చుకొనుము (అరువని అర్థం చెప్పరాదు); వెలితి గోడ = బోలు గోడకు; వెనక = మన కంటికి ఆనని అవతలి వైపున; విచ్చు = తెరుచుకొనే; రెక్కలె = రెక్కలు మాత్రమే; పట్టు = ఆధారము; గోనెగండ్ల మాట = ఆ ఊరి మేస్త్రీ చెప్పిన యీ మాట; గురుని మాట = గురువాక్యముతో సమానము.

తాత్పర్యం

ముందు గోడ ఎలాంటిదో, తర్వాత బరువెంతో తెలుసుకుని, ఆపైనే షాపుకు పొమ్మని భావం. లోకంలో ఈ వరస తలకిందులుగా నడుస్తోంది కనుక కవి పద్యం చెప్పవలసి వచ్చింది.

విశేషాలు

గోడ తట్టి చూచి: గోడ గోడే కదా, తట్టడమెందుకని శంక. పశ్చిమ కర్నూలు పల్లెల్లో పాత మట్టిమిద్దెల గోడలు మూరెడు మందానికి పైమాటే. ఇరువైపులా రాళ్లు పేర్చి, నడుమ చిల్లరాళ్లూ మన్నూ కూరి లేపినవి. అక్కడ మేకు రాతికి తగిలి వంగుతుంది, లేదా మట్టి అతుకులో దిగి మరునాటికి జారుతుంది. అందుకే పెద్దలు గోడ లేస్తుండగానే చిలక్కొయ్యను రాళ్ల నడుమ పెట్టి కట్టారు. వాత్స్యాయనుడు నాగరకుని గదిలో వీణను తగిలించమన్న నాగదంతం ఇదే. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో సన్న్యాసి భిక్షాపాత్రను పెట్టుకున్నదీ చిలక్కొయ్య మీదే. ఎలుక ఎగిరెగిరి అన్నం తిన్నదే గాని కొయ్య ఊడినట్టు సూరి రాయలేదు. ఇంకా బరువైనదాన్ని పెద్దలు ఉట్టిలో పెట్టి దూలానికి కట్టారు. గోడను అసలే నమ్మలేదు.

ఇప్పటి గోడ వేరు. సిమెంటు బోలు ఇటుక పొడవు 400 మి.మీ., ఎత్తు 200 మి.మీ.; మందం 100, 150, 200 మి.మీ.లలో దొరుకుతుంది. దాని ముఖం మందం అంగుళం, మహా అయితే అంగుళమున్నర. ఆ వెనక ఖాళీ. దుకాణాల్లో అడ్డం కట్టే జిప్సం బోర్డు మందం మామూలుగా 12.5 మి.మీ.; దాని వెనక అక్కడక్కడా రేకు చట్రం, మిగతా అంతా గాలి. జిప్సాన్ని తడితే డప్పులా పలికి తన గుట్టు తానే చెబుతుంది. దట్టంగా పూత పూసిన బోలు ఇటుక మాత్రం చెవిని మోసగిస్తుంది. అప్పుడు సన్నని బిట్టుతో ఒక పరీక్ష రంధ్రం వేయాలి. రెండంగుళాలు పోకముందే బిట్టు ముందుకు తూలితే గుల్ల. రాలిన పొడీ సాక్ష్యమే: తెల్లని సుద్దపొడి అయితే జిప్సం, బూడిద రంగుదైతే సిమెంటు, ఎర్రనిదైతే కాల్చిన ఇటుక.

బరువు తూచి: చేత్తో ఎత్తి చూస్తే చాలదా? చాలదు. బరువుకు రెండు నడకలున్నాయి. గోడకు ఆనుకున్న పటం కిందికి మాత్రమే లాగుతుంది. ముందుకు చొచ్చుకొచ్చిన అర (షెల్ఫు) స్క్రూను గోడలోంచి బయటికి పెరుకుతుంది. అడుగు వెడల్పు అర మీద 10 కేజీల కందిపప్పు డబ్బాలు పెట్టామనుకోండి. ఆ బరువు నడిమి గోడకు ఆరంగుళాల దూరంలో ఉంటుంది. కింది బ్రాకెట్టు ఎత్తు మూడంగుళాలే అయితే పై స్క్రూల మీద పడే లాగుడు 20 కేజీలు. కందిపప్పు పెరగలేదు, దూరం పెరిగింది. బ్రాకెట్టు ఎత్తు ఆరంగుళాలు చేస్తే లాగుడు 10 కేజీలకు దిగుతుంది. గీజరును ఖాళీగా తూచినవాడు అమాయకుడు: 15 లీటర్ల గీజరులో నీళ్లే 15 కేజీలు, తొట్టి బరువు అదనం. ప్లగ్గు పెట్టె మీద అచ్చయిన బరువు చాలాసార్లు పట్టు ఊడిపోయే బరువు. అందులో నాలుగో వంతును నమ్మడమే శిష్టాచారం.

ప్లగ్గు కొనుము: ఇక్కడ ‘మేకు కొనుము’ అని కొందరి పాఠం. ‘బ’కారానికి ‘మే’తో యతి చెల్లదు. ముందు యతిభంగం, ఆ వెంటనే గోడభంగం. కనుక త్యాజ్యం.

ప్లగ్గు పుట్టుక చెప్పాలి. 1911 ప్రాంతంలో లండన్‌లో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే గుత్తేదారు, బ్రిటిష్ మ్యూజియం గోడలు చెడకుండా కరెంటు సామాన్లు బిగించవలసి వచ్చి, జనపనారను జంతురక్తపు జిగురుతో గట్టిపరిచి ఈ తొడుగు చేశాడు. మన షాపుల్లో రాల్‌ప్లగ్గు అంటున్నది ఆయన పేరునే. గోనెసంచుల నారే మొదటి ప్లగ్గన్న సంగతి గోనెగండ్లవారు గర్వంతో గ్రహింతురు గాక. 1958లో జర్మనీలో ఆర్టర్ ఫిషర్ నైలాన్‌తో చేశాడు. షాపులో ‘ఫిషర్’ అంటే ఇచ్చేది ఆ జాతిదే. ఈ రెండింటి ధర్మం ఒకటే. స్క్రూ లోపలికి వస్తుంటే తొడుగు ఉబ్బి, రంధ్రం చుట్టూ ఉన్న పదార్థాన్ని ఒత్తి పట్టుకుంటుంది. ఒత్తడానికి పదార్థమంటూ ఉండాలి కదా! ఖాళీని ఎవడు ఒత్తగలడు? అందువల్ల బోలు గోడలో మామూలు ప్లగ్గు స్క్రూతోపాటు గిర్రున తిరుగుతుంది, తిప్పేవాడికి కోపం తెప్పిస్తుంది.

పూర్వపక్షం: ‘రంధ్రం వదులైతే అగ్గిపుల్లలు కూరి బిగించుకోవచ్చు గదప్పా, మా నాయన అట్లే చేస్తాండె’ అని గృహస్థు మతం.

సిద్ధాంతం: ఆ నాయనగారి గోడ గట్టిది. గుల్ల గోడలో అగ్గిపుల్లలు అవతలి ఖాళీలో రాలతాయి. ఎన్ని కూరినా గోడ తింటుంది, నిండదు.

వెనక విచ్చు రెక్కలె పట్టు: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. బోలు గోడలో ఆధారం రంధ్రంలో దొరకదు, గోడ వీపున దొరుకుతుంది. బోలు గోడ ప్లగ్గులు మూడు విధాలు. మొదటిది స్ప్రింగు రెక్కల బోల్టు: రెక్కలు ముడిచి దూర్చితే అవతల తెరుచుకుని గోడ వీపుకు అడ్డం పడతాయి. రంధ్రం బోల్టు కన్నా పెద్దదిగా, ముడిచిన రెక్కలు పట్టేంత ఉండాలి. బ్రాకెట్టును బోల్టుకు ముందే తొడగాలి. మరిచి తర్వాత బోల్టు విప్పితే రెక్కలు లోపల పడిపోతాయి, మళ్లీ దొరకవు. రెండోది లోహపు తొడుగు: స్క్రూ బిగిస్తుంటే దాని నడుము మడతలు పడి గోడ వెనక విచ్చుకుంటుంది. స్క్రూ విప్పినా తొడుగు అక్కడే ఉంటుంది. మూడోది జిప్సంలోకే మరలతో దిగే ప్లగ్గు. ఇది రెక్కలు లేనిది, క్యాలెండరుకూ చిన్న గడియారానికీ చాలు. అంతకు మించితే రేకు చట్రం ఎక్కడుందో అయస్కాంతంతో వెతికి, దానికే స్క్రూ వేయాలి.

సిమెంటు బోలు ఇటుకలో డ్రిల్లు మీటను సుత్తి గుర్తు మీద పెట్టరాదు. ముందు చిన్న రంధ్రమే కనిపించినా వెనక పెళ్ల ఊడి, రెక్కలకు చోటే మిగలదు. వట్టి తిప్పుడుతో నిదానంగా పోవాలి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా రంధ్రం వేయరాదు. వైర్ల పైపులు సాధారణంగా ఆ దారినే పోతాయి. గీజరును గుల్ల ముఖానికి అప్పగించకూడదు; కాంక్రీటు పిల్లరో బీమో చూసుకోవాలి, లేకుంటే గోడ గుండా బోల్టు వేసి అవతల ఇనుప పలక బిగించాలి. ఫ్యానును జిప్సం సీలింగుకు వేలాడదీయడం శాస్త్రంలో లేనే లేదు, పైకప్పు కొక్కేనికే.

‘రెక్కలు’ అన్నందువల్ల ఇక్కడ పక్షి ధ్వని ఉందని ఆలంకారికులు. చిలక్కొయ్యలోని చిలక ఎగరలేదు, ఈ రెక్కలూ ఎగరవు. ఎగిరితే పటమే.

గోనెగండ్ల మాట: పత్తికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు పేరుపొందగా, గోడకు గోనెగండ్ల ఎందుకని ప్రశ్న. ఆ మండలంలో హంద్రి మీద గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. అంత నీటిని నిలబెట్టిన చోట పదిహేను లీటర్లు నిలబడకపోతే అప్రతిష్ఠ కదా అని సమాధానం.

ఫలశ్రుతి

డ్రిల్లు చేతపట్టే ముందు ఈ వ్యాఖ్యను చదివినవాడి పటాలు పడవు, అరలు వంగవు, ఇల్లాలి దృష్టిలో అతడి స్థాయి తగ్గదు. పద్యం మాత్రమే చదివినవాడికి సగం ఫలం. తాత్పర్యం మాత్రమే చదివినవాడు షాపుకు రెండుసార్లు తిరుగుతాడు. ఏదీ చదవకుండా మేస్త్రీని పిలిచినవాడికీ పూర్తి ఫలమే, కూలి అదనం.